పెరట్లో నిలిచిన బుట్ట

గాడిద వీపున వేలాడే బుట్టకు అల్లిక ఎంత బిగువుగా ఉండాలన్నది రాజ్యాల తలరాతలను నిర్ణయించగల ప్రశ్న అని కోల్మన్ నమ్మకం. దానికి సమాధానం అతని పెరట్లోనే బోర్లా నిలిచి ఉంది. తాతల పద్ధతిలో విల్లో చెట్టు నుంచి అప్పుడే కోసిన పచ్చి బెత్తాలను వలయంగా నేలలో గుచ్చి, అంచుతో మొదలుపెట్టి అడుగుదాకా తలకిందులుగా అల్లాడు. ఇక ఊడబెరకడమే తరువాయి. సరిగ్గా అప్పుడే బావమరిది ఫేలిమ్ రాతిగోడ మీదుగా తొంగిచూసి పెదవి విరిచాడు.

“పీకావంటే అల్లికంతా ఊడి చేతికొస్తుంది బావా.”

“అయితే నువ్వే పీకు. ఒక్క బెత్తం జారినా ఈ జన్మలో మళ్లీ బుట్ట అల్లను. జారకపోతే మాత్రం, ఆదివారం చర్చి గుమ్మంలో నిలబడి నన్ను మించినవాడు లేడని చెప్పాలి.”

ఫేలిమ్ సరేనన్నాడు గాని, రేవులో పడవవాళ్లు కేకలేస్తున్నారు. చేపలవేట నుంచి వచ్చాక పీకుతానని పరుగెత్తాడు. వానలు పట్టుకున్నాయి. నెల దాటిపోయింది. పొయ్యిలో కట్టెలకు బదులు కాల్చుకోవాలని బురదనేలలో కోసి ఎండబెట్టుకున్న మట్టిగడ్డలు అక్కడే నానిపోతున్నాయి. వీపుకు ఇరువైపులా వేలాడాల్సిన జోడులో రెండో బుట్ట లేక, వాటిని మోసే గాడిదకు పని లేదు. బుట్ట ఇమ్మని భార్య ఓనోరా రోజూ అడిగేది. పందెంలో ఉన్న వస్తువును తాకడం ధర్మం కాదని అతను రోజూ సెలవిచ్చేవాడు. తెల్లవారగానే గాడిద మాత్రం వచ్చి, బుట్టను మూతితో తడుముతూ చాలాసేపు నిలబడేది. తన కళను గుర్తించిన తొలి ప్రాణి అదేనని కోల్మన్ మురిసిపోయాడు.

ఎట్టకేలకు ఫేలిమ్ వచ్చాడు. ఊరూ వచ్చింది. అతను కాళ్లు తన్నిపెట్టి లాగాడు. ముఖం కందిపోయింది, బుట్ట కదల్లేదు, ఒక్క బెత్తమూ జారలేదు. అల్లిక బిగువుకు భూదేవి సైతం పట్టు వదలడం లేదని పెద్దలు తీర్మానించారు. ఫేలిమ్ టోపీ తీశాడు.

“ఆదివారం దాకా ఎందుకు బావా, ఇప్పుడే చెబుతున్నా. ఈ తీరంలో నీ అంతటివాడు లేడు.”

కోల్మన్ హుందాగా వంగి తానే లాగబోయాడు. అతనికీ రాలేదు. సృష్టికర్తకే లొంగని సృష్టి అని అతని ఛాతీ మరింత పొంగింది.

“కీర్తి వచ్చేసిందిగా, ఇక జరుగయ్యా,” అంటూ ఓనోరా పార తెచ్చి, చుట్టూ తవ్వి, బుట్టను పక్కకు వాల్చింది.

ప్రతి బెత్తం కిందా జానెడు తెల్లటి వేళ్లు. గాడిద మూతి అందని గోడవైపున, గుప్పెడు లేత ఆకులు.