దిద్దే మనిషి

“నోటికాడ కూడు కాలదన్నుకుంటావేటమ్మా? హైదరాబాదు ఉద్యోగం ఒద్దని భోగాపురం ఎల్తానంటావా?” గణపతిరావు మాస్టారు చేతిలో కాగితాలు బల్ల మీద పడేశారు.

ఈశ్వరి తలొంచుకుంది గానీ మాట మార్చలేదు. “అక్కడికే ఎల్తాను సార్.”

“జీతం సగమే. అంత సిన్న స్టూడియోలో ఏటుందని?”

ఏముందని చెబుతుంది? పృథ్వీరాజ్ గారున్నారంటే మాస్టారు నవ్విపోతారు.

విజయనగరంలో మాస్టారి దగ్గర ఈశ్వరి చదివిన యానిమేషన్ కోర్సుకి ఒక పద్ధతి పెట్టారు. చదువు రేపటి పనికి తగ్గట్టుండాలని, పిల్లలు తాము చేసిన కదిలే బొమ్మల్ని వారం వారం భోగాపురం స్టూడియోకి పంపాలి. అక్కడ పృథ్వీరాజ్ అనే ఆయన చూసి, తప్పులు దిద్ది, శుక్రవారానికల్లా జవాబు రాస్తారు. మనిషిని చూసినవాళ్లు లేరు. మిగతా పిల్లలకి అవి ఉత్త మార్కులు. ఈశ్వరికి మాత్రం ఆ ఊళ్లో తనని పలకరించే మనిషి ఆయనొక్కరే.

సాలూరు నుంచి వచ్చి ఏడాదిగా ఒంటరిగా ఒక గదిలో ఉంటోంది. క్లాసులో చూస్తే అందరూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరి తెర వాళ్లు చూసుకునేవాళ్లే. కొన్ని రోజులైతే, పాల ప్యాకెట్ అడగడానికి తప్ప నోరు తెరిచే పనే ఉండేది కాదు పాపం.

మొదట్లో ఆయనవి పనిమాటలే. ‘బంతి నేలకి తగలగానే కాస్త నలగాలి. అప్పుడే బరువు తెలుస్తుంది.’ ఒకసారి మాత్రం, మనిషి నడక చేసి పంపితే ఇలా రాశారు. ‘నడక బాగుంది. కానీ ఈ మనిషి బాగా అలిసిపోయి ఉన్నాడు. నువ్వు తిన్నావా?’

ఆ పూట ఈశ్వరి తినలేదు. ఆ మాట చదువుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత లేచి అన్నం వండుకుంది.

అలాంటి మనిషిని వదులుకుని హైదరాబాదు ఎలా వెళ్తుంది? మాస్టారు ఎంత కేకలేసినా వినలేదు. మంచిరోజని శుక్రవారం పొద్దున్నే భోగాపురంలో బస్సు దిగింది. చేతిలో ఆయన కోసం చేసిన సున్నుండల డబ్బా.

స్టూడియో వ్యవహారాలు చూసే శ్రావణి ఎదురొచ్చి లోపలికి తీసుకెళ్లింది.

“మేడం, ముందు పృథ్వీరాజ్ గారిని ఒక్కపాలి సూడాలి. ఆయన కోసమే ఒచ్చాను.”

శ్రావణి ఆమె ముఖంలోకి చూసింది, డబ్బా వంక చూసింది. మూల గదికి నడిచింది. అక్కడ ఒక కుర్చీ, ఒక కంప్యూటర్, మూసి ఉన్న కిటికీ. మనిషి లేడు.

“బయటికెల్లారా?” ఈశ్వరి డబ్బాని గుండెలకి హత్తుకుంది. “పర్లేదు మేడం. ఎంతసేపైనా ఉంటాను.”

శ్రావణి కంప్యూటర్ ఆన్ చేసింది. పదకొండు మంది పిల్లలు పంపిన పనులు తెర మీద వరసగా వచ్చాయి. ఆమె కుర్చీ వెనక్కి లాగింది.

“కూకో అమ్మా. పోయిన నెల దాకా రూబీ, అంతకు ముందు నరేష్, ఇయ్యాల్నుంచి పృథ్వీరాజ్‌వి నువ్వే.”