గొంగడి పాఠం

సంగమ్మ బడి నుంచి తలనిండా దుమ్ముతో వచ్చింది.

"ఎవరితోని కొట్లాడినవే?" వాకిట్లోనే ఆపింది తల్లి మహాదేవమ్మ.

"కొట్లాట కాదమ్మ. ఖానాదారి క్లాసుల నేల మీద పొర్లినం."

ఖానాదారి అంటే ఇల్లు నడిపే చదువు. యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో, జహీరాబాద్ ఆడపిల్లల బడిలో పై తరగతులకు కొత్తగా పెట్టారు. చెప్పడానికి బీదర్ నుంచి అంబూబాయి అనే ఉస్తానీ వచ్చింది. వంట నేర్పడానికి పంతులమ్మ ఎందుకు, కన్నతల్లులు లేరా అని ఊళ్లో ఆడవాళ్లు అప్పటికే మూతులు తిప్పుతున్నారు. మండుటెండల్లో కూడా మణికట్ల దాకా రవిక తొడుగుతుందని ఇంకో ముచ్చట.

"పొర్లుడేందే?"

"ఒకరు మడి కట్టుకొని వంట చేస్తున్నట్టు. ఆమె చీరకు అగ్గి అంటుకున్నట్టు. మేం ఉరికి, గొంగడి చుట్టి, కింద పడేసి పొర్లియ్యాలె."

"మడిల ఉన్నదాన్ని ముట్టుకునుడా!"

మహాదేవమ్మకు మిగతాదేదీ వినపడలేదు. ఆ ఇంట్లో మడి అంటే మడే. నైవేద్యం పొయ్యి మీద ఉండగా చంటిపిల్ల గుక్కపట్టి ఏడ్చినా ఎత్తుకునేది కాదామె.

మర్నాడు బండి కట్టించుకుని బడికి వెళ్లింది.

"ఇది సదువా, తమాషానా? ఈడొచ్చిన పిల్లల్ని మట్టిల పొర్లిస్తవా?"

అంబూబాయి క్లాసు గుమ్మంలోకి వచ్చింది. సన్నటి మనిషి.

"జర కూసోండమ్మ, చెప్త."

"కూసునేదేం లేదు. మడిల ఉన్నోళ్లను ముట్టుమని చెప్తున్నవట."

"అగ్గి మడిని చూస్తదా అమ్మ?" మెల్లగానే అంది అంబూబాయి. "అందుకే గొంగడి పెట్టిన. ఉన్నికి మైల లేదంటరు గద. దాంతోనన్న ఎనకాడకుండ ముట్టుకుంటరని."

ఆలోచించదగ్గ మాటే. కానీ కోపంలో ఉన్నవాళ్లకు న్యాయం చెబితే కోపం రెట్టింపవుతుంది.

"నీకు పిల్లలున్నరా?"

అంబూబాయి పిల్లల వైపు చూసింది.

"లేరు గద! కని పెంచితే తెలుస్తది. గొడ్రాలివి, నువ్వు మా పిల్లలకు ఇల్లు నేర్పుతవా?"

క్లాసంతా వింది. అంబూబాయి రవిక చేతులు మణికట్ల మీదికి లాక్కుని తల వంచుకుంది.

ఆ రోజుతో సంగమ్మ బడి ఆగింది. పెద్దింటి పిల్ల మానేశాక మిగతావాళ్లు నిలుస్తారా? చూస్తుండగానే క్లాసు ఖాళీ అయింది, ఉస్తానీని వెళ్లిపొమ్మన్నారు.

బీదర్ రైలెక్కబోతూ అంబూబాయి మహాదేవమ్మ ఇంటి ముందు ఆగింది. చేతిలో క్లాసు గొంగడి.

"నన్ను ఎన్నన్న తిట్టుండ్రి, ఫికర్ లేదు. దీన్ని మాత్రం పొయ్యి కాడ పెట్టుకోండ్రి."

మహాదేవమ్మ గడప దాటి రాలేదు. అరుగు మీద పెట్టిన గొంగడిని పశువుల కొట్టంలో వేయించింది.

సంగమ్మ దాన్ని దులిపి తెచ్చి వంటింటి బయట కొయ్యకు తగిలించింది. ఉన్నే కదా అని తల్లి ఊరుకుంది.

శ్రావణ సోమవారం వచ్చింది. మహాదేవమ్మ మడి కట్టుకుని పోలెలు, అంటే బొబ్బట్లు, కాలుస్తోంది. పెనం దించడానికి వంగినప్పుడు కొంగు పొయ్యిలో పడింది.

అత్త గావుకేక పెట్టింది. ఆడబిడ్డ గడప దాకా ఉరికొచ్చి, మడి వంటిల్లని అక్కడే ఆగిపోయింది. మంట నడుము దాకా పాకింది.

సంగమ్మ లోపలికి దూసుకొచ్చింది. కూతుర్ని చూడగానే, కాలుతూ కూడా మహాదేవమ్మ నోరు అలవాటు మాటే అంది.

"మడి! ముట్టకే!"

సంగమ్మ ఆగలేదు. గొంగడి చుట్టేసి, తల్లిని కింద పడేసి పొర్లించింది.

ప్రాణం దక్కింది. ఒక కాలు మాత్రం బాగా కాలింది.

దవాఖానలో పడుకున్నన్నాళ్లూ మహాదేవమ్మను కాలు కన్నా ఎక్కువగా ఆ 'గొడ్రాలు' అన్న మాటే బాధపెట్టింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని పదిమందికి చెప్పే మనిషి ఆమె. ఎవరితోనైనా కబురు పంపాలనుకుంది. కాదు, నడవగలిగాక తానే వెళ్లి క్షమించమని అడగాలనుకుంది.

దీపావళి దాటాక, కుంటుకుంటూనే కూతురితో బీదర్ రైలెక్కింది.

"కాళ్లు మొక్కుత. మళ్ల రా ఉస్తానీ, బడికి నేనే పిల్లల్ని పిల్సుకొస్త అంట." దారంతా అదే మాట.

తలుపు తీసింది అంబూబాయి అక్క, ముసలామె.

"అంబూనా? దసరా ముంగట గత్తరొచ్చి, వాంతులు బేదులై పానం పోయిందమ్మ."

మహాదేవమ్మ గుమ్మంలోనే కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"పిల్లలు లేని దానివని నోటికొచ్చినట్టు అన్ననమ్మ. పదిమంది పిల్లల ముంగట అన్న."

"లేరని చెప్పిందా?"

"ఏం చెప్పలే. తల వంచుకున్నది."

ముసలామె సంగమ్మ వైపు చూసింది.

"ఒక బిడ్డ ఉండె. మా అంబూ నైవేద్యం వండుతుంటె, దీపం తగిలి ఆ పిల్ల లంగకు అగ్గి అంటుకొని, అమ్మా అని ఉరికొచ్చింది. రెండు చేతులు కాలంగ పట్టుకున్నదమ్మ తర్వాత... కాని ముందుగాల, 'మడి, ముట్టకే' అని ఒక్క అడుగు ఎనక్కి ఏసింది."