ఆగిన జోలపాట

నిమిషానికో విమానం దిగే ఆ బస్తీలో, మోత ఎక్కువున్న ఇళ్లకు సాయం చేసేందుకు అధికారులు కొలిచి గీసిన గీత అన్నదమ్ముల ఇంటి మధ్యగోడ మీదుగా పోయింది. అటువైపున్న తోటికోడలు అండాలు వాటాకు మోతను మింగే గోడలు, కిటికీలు వచ్చాయి. ఇటు బాలమణికి రాలేదు. అప్పటినుంచి అండాలు గొంతు పెంచకుండా మాట్లాడుతుంటే బాలమణికి కడుపు మండేది.

"పాపను మా ఇంట్ల పండబెట్టక్కా. నీ ఇంట్ల దానికి నిద్రేడిది?" అంది అండాలు ఒక మధ్యాహ్నం.

నిద్రపోకుంటే బాగుండునని మొక్కుకుంటూనే బాలమణి బిడ్డను తెచ్చింది. ఇక్కడ అలవాటైతే మళ్లీ తన దగ్గర పడుకుంటుందా? అండాలు ఉయ్యాల ఊపుతూ జోలపాటను ఆపకుండా చివరిదాకా పాడింది. పాప ఏడుపు మానలేదు.

"నువ్వు పాడక్కా, సూద్దాం."

బాలమణి అందుకుంది. కిటికీ అద్దం అవతల విమానం చప్పుడు లేకుండా దిగుతోంది. తన ఇంట్లో మోతకు పాట ఆపే ఇన్నేళ్ల అలవాటు కొద్దీ చరణం మధ్యలో నోరు మూసుకుని, అది పోయేదాకా ఉయ్యాల మాత్రం ఊపింది. పాప పుట్టినప్పటినుంచి విన్న జోలపాట అదే, నడుమ ఆగే పాట. ఆ ఆగినచోటే నిద్రలోకి జారింది.

"నడుమ ఎందుకాగినవక్కా?" అండాలు గుసగుసగా అడిగింది.

"పాట యాదికి రాలే," అంది బాలమణి.