పై అంతస్తులో బిడ్డ

ఆ కంపెనీలో నిండు కడుపుతో నడిచే మనిషిని చూసి చాలా ఏళ్లయింది. బిడ్డను మోయొద్దని ఎవరూ అనలేదు. మోసినవాళ్లకు ప్రమోషన్లు రాలేదు, అంతే. అందుకే విరజ కూడా రెండో నెలలోనే తన బిడ్డను కడుపులోంచి తీయించి, నెలలు నిండేదాకా పెంచడానికి ఆఫీసు పై అంతస్తులోని గాజుతొట్టికి అప్పగించింది.

రోజూ వెళ్లి కబుర్లు చెప్పాలనుకునేది. మీటింగులు తెమిలేవి కావు.

"మీ గొంతు అచ్చంగా మిషన్‌లో పెట్టించాం కదమ్మా, బిడ్డతో అదే మాట్లాడుతుంది. మీరు పని చూసుకోండి," అన్నాడు మేనేజరు చక్రపాణి.

ఏడో నెలలో ఒక మధ్యాహ్నం ఎలాగో తీరిక చేసుకుని వెళ్లింది. గాజు మీద చెయ్యి ఆనించి, "బంగారూ, అమ్మనే, వచ్చాను," అంది.

బిడ్డ ఉలిక్కిపడి ముడుచుకుపోయింది. అప్పుడు తొట్టి అడుగు నుంచి విరజ గొంతే మెల్లగా పలికింది.

"భయపడకు తల్లీ. ఎవరో వచ్చారు, వెళ్లిపోతారులే."

బిడ్డ ఆ మాటవైపు ఒత్తిగిలి నిమ్మళించింది.

విరజ గాజు మీంచి చెయ్యి తీసేసింది. తొట్లు చూసుకునే రాజమణిని కేకేసి, "దాన్ని ఆపెయ్యి," అంది.

"బంజేస్తే బిడ్డ ఆగమైతదమ్మా."

"కానియ్యి. నేనున్నా కదా."

మిషన్ ఆగగానే బిడ్డ కాళ్లూ చేతులూ కొట్టుకుంది. విరజ నేల మీద చతికిలబడి నోటికొచ్చిందల్లా చెప్పసాగింది. చక్రపాణి దగ్గర్నుంచి ఫోను వస్తూనే ఉంది, ఎత్తలేదు. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది. బిడ్డ ఇటు తిరగలేదు. కానీ ఎవరో కొత్త మనిషి చెప్పేది వింటున్నట్టు, కదలకుండా ఉంది.