చుక్కల అవతల బిజిలీరాజ్

"ఇంటన్నావేటి? నిద్దరోయినావా?"

"ఇంటన్నాను. చెప్పు," అన్నాడు తవిటయ్య, గోడవైపు తిరిగే.

పేజీ తిప్పిన చప్పుడైంది. "బిజిలీరాజ్ ఓడ ఇంకా కదల్లేదట. ఇంజను సచ్చిపోనాది. కిందా లేదు, మీదా లేదు. ఎటు సూసినా సుక్కలే," అంది దాలమ్మ.

బతుకుతెరువుకు ఉత్తరాదికి వలసొచ్చిన తెలుగువాళ్ళ పేట సీతారాండేరాలోని ఆ ఒంటిగది ఇంట్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఇదే వరస.

తవిటయ్యకు చిన్నప్పటినుంచీ బొమ్మల కథల పిచ్చి. గమ్హరియాలో ఒక చిన్న ఫౌండ్రీలో కరిగిన ఇనుము అచ్చుల్లో పోసే పని అతనిది. డ్యూటీ దిగి వస్తూ సాక్చీ బజారులో హిందీ కామిక్సు పుస్తకం ఒకటి పట్టుకొచ్చేవాడు. భార్య దాలమ్మ కూర తరుగుతుంటే పక్కన కూర్చుని కథంతా తెలుగులో చెప్పేవాడు. పిడుగులా ఎగిరి వచ్చి అందరినీ కాపాడే బిజిలీరాజ్ అంటే ఇద్దరికీ ఇష్టమే.

"ఈడికి పెళ్ళాం పిల్లల్లేరేటి? ఎప్పుడూ ఊరి మీదే పడుంటాడు," అని ఆమె నవ్వేది.

అతను ఆఖరున చదివిన పుస్తకంలో బిజిలీరాజ్ ఓడ చుక్కల అవతల చెడిపోయి నిలిచిపోయింది. మిగతా కథ వచ్చే పుస్తకంలో అని ఉంది. ఆ పుస్తకం బజారులోకి రాకముందే, డెబ్బయ్యెనిమిది ఎండాకాలంలో, అచ్చులో తడి మిగిలిపోయి కరిగిన ఇనుము పైకి చిమ్మింది. తవిటయ్య రెండు కళ్ళూ పోయాయి.

ఆసుపత్రి నుంచి వచ్చాక నెలల తరబడి గోడకేసి తిరిగి పడుకున్నాడు. పెట్టింది తిన్నాడు. పలకరిస్తే ఊఁ అన్నాడు. అలాంటి ఒక ఆదివారం, దాలమ్మ తాను పనిచేసే బంగళా నుంచి ఓ పుస్తకం చేత్తో పట్టుకొచ్చింది.

"బంగళా పిల్లలు పారేసినారు. బిజిలీరాజే. నాను సదువుతాను, ఇను."

తవిటయ్య మొహం మీది దుప్పటి కిందికి లాగాడు. తరవాత మెల్లగా, "సదువు," అన్నాడు.

అప్పటినుంచీ ఒక్క ఆదివారం తప్పలేదు. దాలమ్మ మధ్యమధ్య ఆగిపోయేది. "హిందీని తెలుగులోకి తిప్పాల గదా, తడవవుతాది," అనేది. అతను ఓపిగ్గా ఉండేవాడు. బిజిలీరాజ్ రాళ్ళవాన తప్పించుకున్నాడు. మంచు గోళం మీద దిగి, మూడు తోకల జంతువుతో పోట్లాడాడు. కానీ ఎండ తగిలితేనే అతనికి బలం. అక్కడ ఎండ లేదు.

"మరి ఎలుగు లేకపోతే ఏటి సేత్తాడు?" అని ఒకసారి అడిగాడు తవిటయ్య.

"తడుముకుంటాడు. ఓడలో ఏది ఎక్కడుందో సేతులకి నేర్పుకుంటాడు."

మర్నాడు అతను గోడ పట్టుకుని వీధి కుళాయి దాకా ఒక్కడే వెళ్ళొచ్చాడు.

వానలు వెలిశాక, ఫౌండ్రీలో అతని చోట ఇంకొకరిని పెట్టుకున్నారని తెలిసింది. ఆ శుక్రవారం దాలమ్మ పని నుంచి వచ్చేసరికి, తవిటయ్యతో కలిసి పనిచేసిన చిన్నారావు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తవిటయ్య మంచం మీద కూర్చున్నాడు. నడుం దాకా బట్టలు తడిసి ఉన్నాయి.

"వదినా, సువర్ణరేఖ ఏట్లోకి దిగిపోతన్నాడు. నానెంత అరిసినా ఆగలేదు. ఈడ్చుకొచ్చినాను," అన్నాడు చిన్నారావు, గొంతు తగ్గించి.

దాలమ్మ పొడిగుడ్డ తెచ్చి తవిటయ్య కాళ్ళు తుడిచింది.

ఆదివారం వచ్చింది. ఆమె పుస్తకం తీసుకుని మంచం పక్కన కూర్చుంది.

"బిజిలీరాజ్‌కి గాలి అయిపోతన్నాది," అంది. "తల మీద గాజు టోపీ ఉంటాది గదా, దాని సీల మీద సెయ్యేసినాడు. అది తీసేత్తే సిటికెలో అయిపోతాది. ఇంకీ సీకటి ఒద్దనుకున్నాడు."

తవిటయ్య లేచి కూర్చున్నాడు. "తీసేసినాడేటి?"

"ఉండు. పేజీ తిప్పనీ."

పేజీ చప్పుడు కాలేదు. ఆమె ముక్కు ఎగబీల్చిన చప్పుడు మాత్రం వినిపించింది.

"అప్పుడు రేడియో పలికింది. ఆడి పెళ్ళాం మాటాడతన్నాది."

"బిజిలీరాజ్‌కి పెళ్ళాం లేదు గదే."

"ఉందట. ఇన్నాళ్ళూ ఎవలూ రాయలేదు."

"ఏటంటన్నాది?"

దాలమ్మ గొంతు సవరించుకుంది. "'నువ్వు ఎగరక్కర్లేదు. ఊరిని కాపాడక్కర్లేదు. ఆ సీకట్లోనే ఉండు, గానీ ఉండు. నువ్వున్నావంటే నాను పొద్దున్నే లేచి పనికెళ్ళగలను,' అంటన్నాది."

తవిటయ్య చెయ్యి చాపాడు. ఆమె పుస్తకం అందించింది. అతను కాగితం మీద వేళ్ళు పాకించాడు.

"ఆ మాట ఎక్కడుంది?"

ఆమె అతని వేలు పట్టుకుని ఒకచోట ఆన్చింది. "ఇక్కడ."

"మళ్ళీ సదువు."

"'నువ్వు లేకపోతే నాకు పొద్దెందుకు పొడవాల? ఉండు. అంతే సాలు,' అని."

ఈసారి మాటలు మారాయి. ఎందుకు మారాయని అతను అడగలేదు.

"సీల మీంచి సెయ్యి తీసినాడా?"

"అది... ఇంకా సదవలేదు," అంది దాలమ్మ.

"తీసినాడు," అన్నాడు తవిటయ్య. పుస్తకం ఆమె ఒడిలో పెట్టి, తడుముకుంటూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "సానా బాగా రాసినారు. వచ్చే ఆదివారం కూడా సదవాల."

దాలమ్మకు చదువు రాదని అతనికి పెళ్ళినాడే తెలుసు.