వెనక బల్ల

మల్లికను జట్టులోంచి లేపి, క్లాసులో వెనక బల్ల దగ్గర ఒక్కదాన్నే కూర్చోబెట్టారట. పీరియడ్ అయ్యేదాకా పిల్ల తల ఎత్తలేదట. ఎదురు ఫ్లాటు జీవమ్మకు ఈ సంగతి ఆమె కూతురు దీవెన చెప్పిందట. జీవమ్మేమో మల్లిక తల్లి భూలక్ష్మి పోసిచ్చిన చాయ్ గుమ్మం దగ్గరే నిలబడి తాగుతూ ఆమె చెవిన వేసింది. హిద్ ఓడల యార్డులో డ్యూటీ దిగి వచ్చిన లింబాద్రి బూట్లు విప్పకముందే భూలక్ష్మి అదంతా అతని నెత్తిన కుమ్మరించింది.

"ఎవడు లేపిండు?"

"గది తెల్వది. అమెరికా చరిత్ర మీద ఏందో ఆటట. పరీక్షలకు తిరగేసుకునుడట. రెండు జట్లు, నడుమ ఒక గంట. ముందుగాల గంట కొట్టి జవాబు చెప్పినోళ్ళకు మార్కులు. మన పిల్ల టపటప చెప్తనే ఉన్నదట. నడిమిట్ల ఏమైందో ఏమో."

"పిల్లేమంటది?"

"ఎవ్వలేమనలే అంటది. గంతే. అన్నం గూడ ముట్టలే."

లింబాద్రి విసురుగా బూటు విదిలించాడు. అది పోయి చెత్తబుట్టకు తగిలింది. జీవమ్మ తాగి పడేసిన కాయితం కప్పు దొర్లుకుంటూ వచ్చి అతని కాళ్ళ దగ్గర ఆగింది. దాన్ని అవతలికి తన్నాడు. భూలక్ష్మి స్టీలు గ్లాసులో పోసిచ్చిన చాయ్ తాగకుండానే చల్లారిపోయింది.

"నల్లగున్నదని లేపిండ్రే! ఇంకేం గాదు. లేబరోని బిడ్డ తెల్ల పిల్లల సరసన కూసుంటదా అని లేపిండ్రు!"

"మెల్లగ. పిల్ల వింటది."

"విననియ్యి! నా సంగతి వాళ్ళకెర్క లేదు."

అతని సంగతి యార్డులో అందరికీ ఎరుకే. ఆఫీసు కూలర్‌లో నీళ్ళు లేబర్ ముట్టుకోవద్దని ఒక ఇంజనీరు బోర్డు తగిలిస్తే, దాన్ని పీకి తీసుకెళ్ళి ఆ ఇంజనీరు బల్ల మీదే పడేసి వచ్చాడు. ఆ నెలంతా ఓవర్‌టైం ఇవ్వలేదు. అయినా తగ్గలేదు. తర్వాత ఫోర్‌మన్ అయ్యాడు, పెళ్ళాంబిడ్డను ఊరి నుంచి ఈ అరబ్బు దేశానికి, ముహర్రక్‌కు తెచ్చుకున్నాడు, కడుపు కట్టుకుని పిల్లను అమెరికా చదువుల బడిలో వేశాడు. అది ఇందుకా?

తెల్లారి డ్యూటీ మాని బుసైతీన్‌లోని బడికి బయల్దేరాడు. కోపంలో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మెట్ల దగ్గర జీవమ్మ ఎదురైంది.

"నేనూ వస్తానన్నయ్యా. మా దీవెన కళ్ళారా చూసింది. ఇవాళ మీ పిల్లను లేపినోళ్ళు రేపు మా పిల్లను లేపరా?"

లింబాద్రి మెట్టు మీదే ఆగాడు. "నువ్వు నా తోడబుట్టినదాని లెక్క, చెల్లె. నడువు."

చరిత్ర చెప్పే శాంసన్ సారు తెనాలి వైపు మనిషి. ఇద్దరినీ కూర్చోమని, ఫ్లాస్కులోంచి మూడు పింగాణీ కప్పుల్లో టీ పోశాడు. జీవమ్మ అందుకుంది. లింబాద్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకొద్దు సార్. తాగే వచ్చిన. నా బిడ్డను లేపినోడు ఎవడో చెప్పుండ్రి. అందరి ముంగట సారీ చెప్పాలె. లేదా, ఇయ్యాల్నే పేరు తీపిచ్చి ఊరికి తోలిస్త. చదువు లేకున్నా మంచిదే గని ఇజ్జత్ లేని కాడ నా బిడ్డ ఉండది!"

"ఎవరూ లేపలేదండీ."

"మరి ఈమె బిడ్డ అబద్ధం చెప్పిందా?"

జీవమ్మ తడబడింది. "అంటే... వెళ్ళి కూర్చుంది అనే చెప్పింది, అన్నయ్యా. ఎవరూ లేపకుండా ఏ పిల్లయినా వెళ్తుందా అని నేనే..."

"జరిగింది చెబుతా వినండి," అన్నాడు శాంసన్. "పంతొమ్మిది వందల అరవైలో నలుగురు నల్ల విద్యార్థులు, తెల్లవాళ్ళు మాత్రమే కూర్చునే హోటలు బల్ల దగ్గర కూర్చుని ఏమడిగారు? ఇదీ ప్రశ్న. మల్లికే గంట కొట్టింది. కాఫీ అడిగారంది. పోయకపోతే ఏం చేశారు? లేవకుండా అక్కడే కూర్చున్నారంది. రెండూ కరెక్టే. గెలవడానికి ఇంకొక్కటే ఉంది. అది పుస్తకంలో లేదు, నేనే అడిగాను. ఆ రోజు మీ ఇంటివాళ్ళు అక్కడుంటే బల్లకు ఏ పక్కన ఉండేవాళ్ళు? కూర్చున్నవాళ్ళ పక్కనా, పోయనివాళ్ళ పక్కనా? జట్టంతా కూర్చున్నవాళ్ళ పక్కనే అని అరిచింది. దీవెన అయితే మల్లిక చెయ్యి పట్టుకుని పైకెత్తింది. మల్లిక ఆ చెయ్యి విడిపించుకుని వెనక బల్లకు వెళ్ళిపోయింది. ఎందుకమ్మా అంటే చెప్పదు."

"ఎవడో చెవుల ఏదో అనుంటడు!" లింబాద్రి బల్ల మీద గుద్దాడు. అతని ముందున్న కప్పులో టీ తొణికింది. "పిలువుండ్రి పిల్లను!"

మల్లిక వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నాన్నను చూసింది, అతని ముందున్న నిండు కప్పును చూసింది, జీవమ్మ చేతిలో ఖాళీ అయిన కప్పును చూసింది.

"భయపడకు బిడ్డా, నేనున్న," అన్నాడు లింబాద్రి. "సాటి మనిషికి ఇన్ని కాఫీ నీళ్ళు పొయ్యనోడు మనిషేనా? నేనే గనుక ఆడుంటే ఆ బల్ల ఇరగ్గొడుదును! సార్‌కు గట్టిగ చెప్పు. మనింటోళ్ళు ఏ దిక్కుంటరు?"

మల్లిక ముక్కు తుడుచుకుంది.

"మనింట్ల కాయితం కప్పు జీవమ్మ ఆంటీ ఒక్కదానికే గద, నాన్నా."