సిరిసిల్ల వంతు

“సారూ, సంపత్ పేరు అచ్చిందా?”

ముసలాయన మళ్లీ వచ్చాడు. శ్రీధర్‌కు ఒళ్లు మండింది.

పోలీసులు రాసుకున్న చావులు ఒక జాబితా. ఆస్పత్రిలో పోస్టుమార్టం చేసిన చావులు మరో జాబితా. రెండూ పక్కపక్కన పెట్టి, ఆత్మహత్యలుగా, ప్రమాదాలుగా చెలామణి అయిపోయిన హత్యలెన్నో తేల్చడం ఓ పరిశోధన సంస్థలో శ్రీధర్ పని. ముందు జగిత్యాల, తర్వాత కోరుట్ల, ఆఖరున సిరిసిల్ల. జగిత్యాలలో ఓ అద్దె గదిలో కంప్యూటర్ ముందేసుకుని కూర్చున్నాడు.

“ఇంకా కోరుట్ల కాడనే ఉన్న తాతా. సిరిసిల్ల వంతు అచ్చినప్పుడు సూస్త.”

“ఒక్కపారి తీసి సూడు సారూ. నిరుడు కార్తీకంల పోయిండు. మరమగ్గాల కార్ఖానల సాంచాలు నడిపేటోడు.”

“మరణ ధ్రువపత్రం గావాలంటే మున్సిపాలిటీకి పో. ఈడ ఇయ్యరు.”

“పత్రం గాదు సారూ. గా రెండు కాయితాలు ఒక్కకాడ పెట్టి సూడాలె.”

“వరుస తప్పితే నా పనంత ఆగమైతది.”

“గా వరుస అచ్చేదాక నేనుంటనో లేదో.”

దగ్గుకుంటూ మెట్లు దిగాడు. కొడుకు పోయిన బెంగ అనుకున్నాడు శ్రీధర్. పేరైనా అడగలేదు. సిరిసిల్ల నుంచి వారానికి రెండుసార్లు బస్సెక్కి వస్తున్న మనిషికి మంచినీళ్లయినా ఇవ్వలేదు.

ఆ తర్వాత ముసలాయన రాలేదు. పీడ విరగడైందనుకున్నాడు.

మూడు వారాలకు సిరిసిల్ల వంతు వచ్చింది.

సంపత్, ముప్పై ఒక్కేళ్లు. పోలీసుల జాబితాలో ఉరి, ఆత్మహత్య. మగ్గాల ఊళ్లో కార్మికుడు ఉరికి వేలాడితే బతకలేక చచ్చాడనే అంటారు. రెండో మాట ఎవరూ అడగరు.

ఆస్పత్రి జాబితాలో మాత్రం వేరే మాట ఉంది. తల వెనక ఎముక పగిలింది. ఉరి బిగిసింది ప్రాణం పోయాకే.

జాబితాలోని చిరునామా రాసుకున్నాడు శ్రీధర్. ఆ పూటే సిరిసిల్ల బస్సెక్కాడు.

శ్రీధర్ చెప్పిందంతా విని, సంపత్ తల్లి రాజమణి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

“తాతను పిలువమ్మా. కేసు మళ్ల తెరువమని అడుగుదాం.”

“ఏ తాత? నా పెనిమిటి పోయి ఇరవై ఏండ్లాయె.”

“మరి జగిత్యాలకు అచ్చేటాయన? బక్కగ, దగ్గుకుంట...”

“మార్కండేయులు,” అందామె. “మంచం పట్టి మొన్న సోమవారం సచ్చిపోయిండు సారూ. నా కొడుకును కొట్టంగ కండ్లార సూసింది గాయనొక్కడే. ఆస్పత్రి కాయితం దొరికితె కోర్టుల నిలవడి సాక్ష్యం చెప్త అన్నడు.”

శ్రీధర్ అరుగు మీద కూర్చున్నాడు. అడిగిన రోజు ఒక్క పేరు వెతికి ఉంటే సరిపోయేది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

“ఆయన నీకేమైతడమ్మా?”

“నాకేంగాడు సారూ. నా కొడుకును సంపినోని కన్నతండ్రి.”